అనంతపురం చలిగాలికి ముఖం పేలిందన్నావు కదా, ఇది చదువు

చిన్నీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పినదంతా విన్నాక ఇది రాయాలనిపించింది. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదు, కాగితం మీద ఉంటే మళ్లీ చూసుకుంటావు.

ముఖం కడుక్కుంటే మంట, కొబ్బరినూనె రాసినా మంట, చివరికి కలబంద గుజ్జు పెట్టినా మంట అన్నావు. ముక్కు పక్కన, పెదవుల చుట్టూ పొలుసులు లేస్తున్నాయి, చేతి మీద గోటితో గీస్తే తెల్లచార పడుతోంది, సాయంత్రానికి బుగ్గలు ఎర్రబడి లాగుతున్నాయి అన్నావు. పోయిన నెల దాకా పడిన క్రీమే ఇప్పుడు మండుతోందంటే ఆ క్రీమ్ చెడిపోయిందని కాదు, నీ చర్మం పైపొర దెబ్బతింది. నేను చర్మవ్యాధుల విభాగంలో నర్సుగా పనిచేసినన్నాళ్లూ డిసెంబరు, జనవరి నెలల్లో ఓపీకి వచ్చే ఆడపిల్లల్లో చాలామంది చెప్పేది ఇదే. టెన్షన్ పడకు, ఇది బాగవుతుంది. కానీ బాగవ్వాలంటే కొత్తగా ఏదో కొనడం కాదు, ఇప్పుడు చేస్తున్నవాటిలో చాలావరకు ఆపాలి.

నువ్వు పుట్టి పెరిగింది బందరులో. అక్కడ గాలిలో ఎప్పుడూ తడి ఉంటుంది, ఒంటికి ఏం రాయకపోయినా గడిచిపోతుంది. ఇక్కడ ఏడాది మొత్తం కలిపినా సుమారు 550 మిల్లీమీటర్ల వానే, దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. జనవరిలో పొద్దున 17, 18 డిగ్రీలు ఉండి మధ్యాహ్నానికి 30కి వెళ్తుంది, ఉత్తరాది చలిలాంటి చలి కాదు, కాబట్టి ఇక్కడ చలికాలం అంత బాధ పెట్టదని కొత్తగా వచ్చినవాళ్లు అనుకుంటారు. చర్మాన్ని పాడుచేసేది చలి ఒక్కటే కాదమ్మా, గాలిలో తడి లేకపోవడం, ఆపైన ఆగకుండా వీచే గాలి. ఉరవకొండ వైపు అన్ని గాలిమరలు నిలబెట్టారంటే ఈ నేల మీద గాలి ఎంతో నీకే అర్థమవుతుంది. నువ్వేమో పొద్దున్నే స్కూటీ మీద కూడేరు బడికి పాఠాలు చెప్పడానికి పోతావు, అంత దూరమూ ఆ గాలి నేరుగా ముఖానికి కొడుతుంది, హెల్మెట్ అద్దం కూడా పైకెత్తి నడుపుతావని మీ అమ్మ చెప్పింది. ముందు ఆ అద్దం దించు. ముక్కు, బుగ్గలు కప్పేలా మెత్తటి నూలు చున్నీ కట్టుకో, ఉన్నిది వద్దు, అది గీరుతుంది.

ఆ పైపొర సంగతి కాస్త చెప్తాను, అది తెలిస్తే మిగతాదంతా నీకే తోస్తుంది. ముఖం మీద ఆ పొర మందం మిల్లీమీటరులో 50వ వంతు కూడా ఉండదు. మన ఊళ్లలో రాళ్లు పేర్చి మధ్యలో సున్నం పెట్టి కట్టిన గోడలు ఉంటాయి చూడు, అది కూడా అలాంటిదే: చనిపోయి గట్టిపడిన కణాలు రాళ్లయితే, వాటి మధ్య ఉండే కొవ్వు సున్నం. ఆ కొవ్వులో సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు అని మూడు రకాలు ఉంటాయి, మూడూ తగిన పాళ్లలో ఉంటేనే లోపలి నీరు బయటికి ఆవిరైపోకుండా, బయటి సబ్బు, దుమ్ము, క్రిములు లోపలికి పోకుండా ఆగుతాయి. కణాల లోపల కూడా నీటిని పట్టి ఉంచే పదార్థాలు ఉంటాయి, మనం ఎక్కువసేపు నానితే అవి కరిగి పోతాయి. ఎక్కువసార్లు కడిగి, తోమి, వేడినీళ్లు పోసి ఆ కొవ్వును మనమే తీసేస్తే ఏది రాసినా నేరుగా కింది నరాలకు తగులుతుంది, అందుకే ఆ మంట. ఆరోగ్యంగా ఉన్న చర్మం ఒక్కసారి దెబ్బతింటే మొదటి 12 గంటల్లోనే సగం దాకా పూడ్చుకుంటుంది, మూడు రోజుల్లో దాదాపు మామూలవుతుంది. కానీ రోజూ దెబ్బ తగులుతూనే ఉంటే ఎప్పటికి పూడ్చుకోవాలి? నీకు జరుగుతున్నది అదే. అన్నీ ఆపి కాపాడుకుంటే రెండు వారాల్లో మంట తగ్గుతుంది, పూర్తిగా కుదురుకోవడానికి నెల, ఒక్కోసారి ఇంకొంచెం పట్టవచ్చు. నాలుగో రోజుకే ఫలితం లేదని ఇంకో సీసా కొనకు.

ఇక ఆపాల్సినవి. నువ్వు చెప్పిన విటమిన్ సి సీరం, గ్లైకాలిక్ ఆసిడ్ ఉన్న ఆ రాత్రి పూసే ద్రవం, గరుకు గింజలున్న స్క్రబ్, ఆదివారం ఆదివారం తీసే పీల్ మాస్క్, మొటిమల కోసం తెచ్చుకున్న రెటినాల్, ఇవన్నీ పక్కన పెట్టు. పారేయమనడం లేదు, బీరువాలో పెట్టు, అంతే. డాక్టరు రాసిచ్చిన మందు ఏదైనా ఉంటే మాత్రం నీ అంతట నువ్వు మానకు, ఆ డాక్టరునే అడుగు. పొలుసులు లేస్తున్నాయని గీకి తీయడం అస్సలు వద్దు, కింద కొత్త పొర తయారవకముందే పైది పీకినట్టవుతుంది. నిమ్మరసం, పసుపు, శనగపిండి, వంటసోడా, టూత్‌పేస్టు, ఇవి కూడా ఇప్పుడు ముఖానికి వద్దు. ఇంట్లో దొరికేది కాబట్టి చెరుపు చేయదనుకోవడం సరికాదు, నిమ్మరసం ఆమ్లం చర్మం తట్టుకునేదానికన్నా చాలా ఎక్కువ. కలబంద మట్టను కోసినప్పుడు కారే పసుప్పచ్చటి జిగురు చాలామందికి దురద పుట్టిస్తుంది, నీకు మండింది బహుశా దానివల్లే.

సున్నిపిండి మంచిది కాదా పెద్దమ్మా అని అడుగుతావు. ఒంటికి బాగా నూనె పట్టించి, నానాక మెత్తటి పిండితో నెమ్మదిగా రుద్దితే ఆరోగ్యంగా ఉన్న ఒంటికి ఇబ్బంది లేదు, భోగినాడు అందరం చేసేదే. కానీ పేలిన ముఖం మీద ఏ పిండీ వద్దు. ఈ భోగికి తలకు మాత్రం పోసుకో, ముఖానికి నలుగు పెట్టించుకోకు, మీ నాయనమ్మ బతిమాలినా సరే.

స్నానం గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మనవాళ్లలో చర్మం పాడయ్యేది ఎక్కువగా అక్కడే. చలిగా ఉందని హాస్టల్లో గీజరు నీళ్లు పొగలు కక్కేలా పోసుకుంటావు, హాయిగానే ఉంటుంది, కానీ ఆ వేడికి చర్మంలోని కొవ్వు తొందరగా కరిగిపోతుంది. మోచేతి మీద పోసి చూస్తే వెచ్చగా అనిపించాలి, వేడిగా కాదు. పది నిమిషాలు దాటకూడదు. సబ్బు రోజూ ఒళ్లంతా అక్కర్లేదు. చంకలు, గజ్జలు, పాదాలు, చెమట పట్టే చోట్ల రాసుకో, చేతులు కాళ్ల మీదికి నురగ కారితే చాలు. మామూలు సబ్బు క్షారం, దాని పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత, 9, 10 దాకా ఉంటుంది, మన చర్మం కాస్త ఆమ్లంగా 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది, సబ్బు పెట్టిన ప్రతిసారీ ఆ తేడా సర్దుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. నువ్వు రోజుకు మూడుసార్లు ముఖానికి పెడితే ఇంక సర్దుకునేదెప్పుడు? మెడికల్ షాపులో సిండెట్ బార్ అని అడుగు, చూడ్డానికి సబ్బులాగే ఉంటుంది కానీ సబ్బంత క్షారం కాదు, లేదంటే వాసన లేని, నురగ రాని క్లెన్సర్ తీసుకో. రాత్రి పడుకునే ముందు ఒక్కసారి దానితో కడుక్కో, పొద్దున మామూలు నీళ్లు చల్లుకుంటే చాలు. ముఖం కడిగాక కీచుకీచుమని శుభ్రంగా అనిపించాలని చూస్తారు చూడు, ఆ కీచుమనడమే కొవ్వంతా పోయిందని గుర్తు.

ఇంకోటి, మన బోరు నీళ్లు. ఇక్కడ చాలా బోర్లలో ఉప్పునీళ్లే, బకెట్ అంచుకు తెల్లగా పేరుకునేది సున్నమే. అలాంటి నీళ్లలో సబ్బు సరిగా నురగ రాదని మనం ఇంకాస్త రుద్దుతాం, ఆ సబ్బు సున్నంతో కలిసి జిడ్డుగా ఒంటికి అంటుకుని కడిగినా పోదు, ఎండిన చర్మాన్ని ఇంకా మండిస్తుంది. దీనికి పరిష్కారం నీళ్ల మెషిన్ కొనడం కాదు. ఎగ్జిమా, అంటే చర్మం ఎర్రబడి పొడిబారి దురద పెట్టే జబ్బు ఉన్న పిల్లల ఇళ్లలో నీటిని మెత్తబరిచే యంత్రాలు పెట్టి ఇంగ్లండులో పరీక్షించారు, 2011లో ఫలితాలు వచ్చాయి, పెద్ద తేడా కనపడలేదు. కాబట్టి ఆ ప్రకటనలు చూసి వేలు పోయకు. సబ్బు తగ్గించు, చివర రెండు చెంబులు నెమ్మదిగా పోసుకుని బాగా కడుక్కో. తాగడానికి వచ్చే సత్యసాయి నీళ్లతో ముఖం కడుక్కుంటానంటున్నావు, ఈ జిల్లాలో ఆ నీళ్ల విలువ నీకు ఇంకా తెలియదు, వద్దమ్మా.

స్నానం అయ్యాక తువ్వాలుతో గట్టిగా తుడవకు, అద్దుకో. ఒళ్లు ఇంకా తేమగా ఉండగానే, అంటే మూడు నిమిషాల్లోపు, క్రీమ్ రాసేయాలి. ఈ ఒక్కటి గట్టిగా పట్టుకో. నువ్వు జడ వేసుకుని, చీర కట్టుకుని, టిఫిన్ చేసి అప్పుడు రాస్తావు, అప్పటికి పైనున్న నీరంతా ఎగిరిపోయి ఉంటుంది, ఎండిన దాని మీద క్రీమ్ రాస్తే సగమే పని చేస్తుంది. డబ్బా స్నానాల గదిలోనే పెట్టుకో.

ఏ క్రీమ్ అంటే, ఖరీదు చూడొద్దు, మూడు పనులు చేసేవి ఉన్నాయో లేదో చూడు. నీటిని పట్టేది ఒకటి కావాలి, గ్లిజరిన్ అన్నిటికన్నా చవక, నమ్మకమైనది. ఆ గోడలో పోయిన కొవ్వును నింపేది ఒకటి, సెరమైడ్ అని రాసి ఉంటే మంచిదే, కానీ డబ్బులు లేకపోతే అది లేకుండానూ నడుస్తుంది. పైన మూతవేసి నీటిని పోనివ్వనిది ఒకటి, అందులో పెట్రోలియం జెల్లీని, అదే మనం వాసెలిన్ అనేదాన్ని, మించింది లేదు. చర్మం నుంచి నీరు ఆవిరి కావడాన్ని దాదాపు మొత్తంగా ఆపగలదు. వాసన ఉన్నవి, చల్లగా అనిపించేలా పుదీనా పువ్వు (మెంథాల్), కర్పూరం కలిపినవి వద్దు. వేలితో తీసుకునే వెడల్పు మూత డబ్బాలో వచ్చే చిక్కటి క్రీమ్ తీసుకో, పంపు సీసాలో పల్చగా కారే లోషన్లు ఈ గాలికి ఆగవు. మెడికల్ షాపులో గ్లిజరిన్ సీసా కొని అలాగే రాసుకునేవాళ్లు ఉన్నారు, అది చిక్కగా ఉన్నప్పుడు గాలిలో తడి లేకపోతే చర్మం లోపలి నీటినే లాగుతుంది, నీళ్లు కలిపి తడిచర్మం మీద రాసి పైన పల్చగా వాసెలిన్ పెట్టాలి.

రాత్రి చర్మం నుంచి నీరు ఎక్కువ పోతుంది, దురదలు రాత్రి పెరగడానికి అదీ ఒక కారణం. అందుకని పడుకునే ముందు రాసేదాన్ని తప్పించకు. ముఖానికి క్రీమ్ రాసి, మండే చోట్ల మీద మాత్రం పెసరగింజంత వాసెలిన్ వేళ్ల మధ్య కరిగించి అద్దు. మొటిమలు వస్తాయేమో అని భయపడుతున్నావు, వాసెలిన్ రంధ్రాలను మూయదు, కానీ నుదురు జిడ్డుగా ఉండేవాళ్లు అక్కడ పెట్టక్కర్లేదు. ఒక జాగ్రత్త, ఇది అందరూ చెప్పరు: ఇవి పూసుకున్న చున్నీలు, దుప్పట్లు మరక పట్టి ఉంటే నిప్పు తగిలినప్పుడు మామూలు బట్టకన్నా తొందరగా అంటుకుంటాయి. స్టవ్ దగ్గర, దీపం దగ్గర చూసుకో, తరచూ ఉతుకు.

నూనెల గురించి మీ అమ్మకూ నాకూ ఎప్పుడూ వాదనే. ఒంటికి కొబ్బరినూనె మంచిదే, ఎండిన చర్మానికి అది పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. కాళ్లు చేతులకు స్నానం తర్వాత తడి మీద రాసుకో, ముఖానికి వద్దు, నీకు మొటిమలు ఉన్నాయి. పొద్దుతిరుగుడు నూనె కూడా చర్మానికి మేలే, దానిలోని లినోలిక్ ఆమ్లం ఆ గోడ కట్టడానికి పనికొస్తుంది. ఆలివ్ నూనె ఖరీదైనది కదా అని పసిపిల్లలకు మసాజ్ చేస్తున్నారు, అది పైపొరను బలహీనం చేస్తుంది, ఆవనూనె కూడా అంతే. మా వైపు శనక్కాయ నూనె ఇంటింటా ఉంటుంది, వంటకు వాడు, కానీ మీ అక్క పాపకు ఒళ్లు పగిలి ఎర్రగా ఉన్న చోట్ల అది రాయొద్దని చెప్పు. పగిలిన చర్మం గుండా శనక్కాయ పడని గుణం, అంటే అలర్జీ, పిల్లలకు రావచ్చని వైద్యులు గమనించారు.

నీళ్లు ఎక్కువ తాగితే చర్మం మెరుస్తుందని రోజుకు నాలుగైదు లీటర్లు తాగుతున్నావట. దాహం తీరేంత తాగు. లోపల నీరు తక్కువేం లేదు, పైనుంచి పోతున్నదాన్ని ఆపాలి.

మెడికల్ షాపు దగ్గర జాగ్రత్తగా ఉండాలి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. ముఖం మండుతోంది, ఎర్రబడింది అని కౌంటరు దగ్గర అడిగితే ఒక చిన్న ట్యూబు చేతిలో పెడతారు, అందులో స్టిరాయిడ్, ఫంగస్ మందు, యాంటిబయాటిక్ మూడూ కలిసి ఉంటాయి. రెండు రోజుల్లో ఎరుపు పోయి ముఖం తెల్లగా నున్నగా అవుతుంది, అబ్బ ఎంత బాగుందో అనిపిస్తుంది. ఆపితే రెట్టింపుగా తిరగబెడుతుంది, మళ్లీ రాస్తారు, అలా నెలలు గడిచేసరికి చర్మం పల్చబడి సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, ఎండలోకి వెళ్తే మంట, ముఖాన వెంట్రుకలు. అలాంటి పిల్లలు మా ఓపీలో ఏడుస్తూ కూర్చునేవాళ్లు, నా మనసు చాలా బాధపడేది. 2018లో కేంద్రం ఇలాంటి 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. నియమం ఉన్నా అడిగితే ఇచ్చేవాళ్లు ఉంటారు, నువ్వు అడగకు. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అని ఉంటే డాక్టరు చెప్పకుండా ముఖానికి తగలనివ్వకు. స్టిరాయిడ్ చెడ్డ మందేం కాదు, డాక్టరు చెప్పిన చోట చెప్పినన్ని రోజులు రాస్తే చాలా మేలు చేస్తుంది.

చేతులు: బడిలో సుద్దముక్క దుమ్ము, మధ్యలో శానిటైజర్, హాస్టల్లో గిన్నెలు తోమే సబ్బు. సుద్ద పట్టినప్పుడు ఉత్త నీళ్లతో కడిగి, పర్సులో చిన్న ట్యూబు పెట్టుకుని ప్రతిసారీ కొంచెం రాసుకో. గిన్నెలకు తొడుగులు వేసుకో. పెదవులు నాకకు, నాకితే ఆ తడి ఆరేటప్పుడు ఉన్న తేమ కూడా పోతుంది. వాసన, రంగు లేని వాసెలిన్ చాలు, నెయ్యి రాసుకున్నా తప్పు లేదు.

మడమలు నాపరాయి నేల మీద ఉత్తకాళ్లతో తిరిగితే తప్పకుండా పగులుతాయి, గదిలో కూడా మెత్తటి చెప్పులు వేసుకో. రాత్రి గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు పెట్టి, మెత్తబడ్డాక పైపైన రుద్ది, 10 శాతం యూరియా ఉన్న క్రీమ్ రాసి, వాసెలిన్ పెట్టి నూలు సాక్సులు వేసుకుని పడుకుంటే వారంలో తేడా తెలుస్తుంది. పగులు లోతుగా ఉండి నెత్తురు వస్తుంటే యూరియా మండుతుంది, ముందు వాసెలిన్‌తో మాన్పుకో. ఊళ్లల్లో పగుళ్లకు నల్లజీడి రసం పెడతారు, ఆ పని ఎవరినీ చేయనివ్వకు, బొబ్బలు లేచి పుండ్లు పడతాయి. మీ నాన్నకు షుగర్ ఉంది కదా, ఆయన మడమ పగిలితే ఇంట్లో చూసుకుంటూ కూర్చోవద్దు, డాక్టరుకే చూపించాలి.

ఎండ తక్కువనిపించినా ఇక్కడ మధ్యాహ్నం ఎండ ఎండే. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ అయితే ఇప్పుడు మంట తక్కువ. మరీ మండితే వారం రోజులు అదీ వద్దు, చున్నీ, గొడుగు చాలు.

కొన్ని చూస్తే ఇంట్లో క్రీమ్ రాస్తూ కూర్చోకు. పసుపు రసి కారి పెచ్చు కడుతుంటే, జ్వరం ఉంటే వెంటనే వెళ్లు. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ రాత్రుళ్లు దురద ఎక్కువై, హాస్టల్లో ఇంకొందరికీ ఉంటే అది చలికాలపు పొడి కాదు, గజ్జి, అందరూ ఒకేసారి మందు రాసుకుంటేనే పోతుంది. అంచులు ఎర్రగా గుండ్రంగా పాకుతుంటే తామర. పొడిగా పాలిపోయిన మచ్చ మీద ముట్టుకుంటే తెలియకపోతే ఆలస్యం చేయకుండా చూపించాలి, కుష్టు అయితే ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితం, తొందరగా మొదలుపెడితే పూర్తిగా నయమవుతుంది, అందులో సిగ్గుపడేది లేదు. ఇవేవీ లేకుండా నేను చెప్పినవన్నీ నెల చేసినా మంట తగ్గకపోతే సర్కారు ఆసుపత్రి చర్మం ఓపీకి ఇద్దరం వెళ్దాం, ఇప్పటిదాకా రాసినవన్నీ సంచిలో వేసుకుని రా, డాక్టరమ్మకు అవి చూస్తేనే సగం అర్థమవుతుంది.

సంక్రాంతి సెలవులకు బందరు వెళ్తావు. అక్కడ రెండు రోజులకే ముఖం మెత్తబడుతుంది, తగ్గిపోయిందనుకుని క్రీమ్ మానేస్తావు, సీరంలన్నీ మళ్లీ తీస్తావు. అలా చేయకు, అది అక్కడి గాలి చలవ, తిరిగొచ్చిన వారానికి మళ్లీ పేలుతుంది. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు, ఇక్కడ చలి పోయినా పొడి పోదు, మార్చిలో మధ్యాహ్నం గాలి ఇంకా ఎండిపోయి ఉంటుంది. కాబట్టి క్రీమ్ ఉగాది దాకా ఉండాలి. ముఖం రెండు వారాలు వరసగా మండకుండా ఉన్నాక బీరువాలో పెట్టినవాటిలో ఒక్కటి తీసి, చెవి వెనక రాసి రెండు రోజులు చూసి, తర్వాత వారానికి రెండుసార్లే మొదలుపెట్టు. రెండోది ఇంకో నెలకు. ఆ స్క్రబ్ మాత్రం ఎప్పటికీ తీయకు.

శనివారం బడి అయ్యాక ఇటు రా. పెద్ద వాసెలిన్ డబ్బా, యూరియా క్రీమ్ తెచ్చి పెట్టాను, నువ్వు మళ్లీ కొనొద్దు.

నీ పెద్దమ్మ